జీడిపప్పుకి ఫోటో

కాశీబుగ్గ బస్‌స్టాండుకి ఎదురుగా నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. పేరుకి అద్దాల గదే గానీ దాని తలుపు ఏనాడూ సరిగ్గా పడలేదు. లోపల ఎవరేం మాట్లాడినా బయట కుర్చీలో కూర్చున్న నాకు శుభ్రంగా వినబడేది. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవడానికి నాకేం ఖర్మ, వినేదాన్ని. సూరత్‌లో ఉన్న మొగుణ్ణి తిట్టేవాళ్ళు, కొడుకు పరీక్ష తప్పాడని ఏడ్చేవాళ్ళు, పెళ్ళిచూపులు వాయిదా వేసేవాళ్ళు, అందరి గొడవలూ నాకు తెలుసు. వచ్చేవాళ్ళందరిలో తక్కువ మాట్లాడేది త్రినాథరావు బాబాయ్.

ఆయన జీడిపప్పు బ్రోకరు. పలాస చుట్టుపక్కల, ఉద్దానం ఊళ్ళల్లో ఉన్న చిన్న చిన్న ఫ్యాక్టరీలన్నీ మోపెడ్ మీద తిరిగి సరుకు చూసేవాడు. చూసి వచ్చి, ఒరిస్సాలో కటకంలో ఉన్న ఒక సేటుకి ఫోన్ చేసేవాడు. సేటు ఆ ఊళ్ళో మిఠాయి దుకాణాలన్నిటికీ జీడిపప్పు వేస్తాడు. బాబాయి తల్లిది ఇచ్ఛాపురం వైపు కాబట్టి ఆయనకి ఒడియా బాగా వచ్చు. నాకు మాట్లాడ్డం రాదు గానీ అర్థమవుతుంది. సేటుకి గొంతు ఎక్కువ. రిసీవరు దాటి, ఆ పడని తలుపు దాటి నా దాకా వచ్చేది.

"గుండు పప్పు. తెలుపు. బద్ద లేదు, ముక్క లేదు. నేను చూశాను," అనేవాడు బాబాయ్.

"నువ్వు చూశావా?" అనేవాడు సేటు.

"చూశాను."

"అయితే లారీ ఎక్కించు."

అంతే, ఫోన్ పెట్టేసేవారు. కాగితం లేదు, సంతకం లేదు. 'నేను చూశాను' అన్న ఆ ఒక్క మాట మీద ఆయన బతుకంతా నడిచింది. ఆయనకి పొలమంటూ చెప్పుకోదగ్గది లేదు. అన్నదమ్ముల వాటాలు పోగా మిగిలినవి నాలుగు కొబ్బరిచెట్లు. ఊళ్ళో ఆయనకి మర్యాద ఉందంటే ఆ మాటకి కటకంలో విలువ ఉంది కాబట్టే. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే చూడని సరుకుని చూశానని ఎన్నడూ అనలేదు.

ఆయన చూడడం కూడా ఒక తంతు. డబ్బా పైనుంచి తీసేవాడు కాదు, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. పైన మంచివి పరుస్తారని అనుమానం. అరచేతిలో పోసుకుని బొటనవేలితో దొర్లించి, ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా కొరికేవాడు. బాగోకపోతే ఉమ్మేసేవాడు కాదు. మింగేసి, నీళ్ళు తాగి, "ఈపాలి కాదులే" అని మోపెడ్ ఎక్కేసేవాడు. ఫ్యాక్టరీవాళ్ళు వెనకాల నానా మాటలూ అనేవారు. అన్నవాళ్ళే మళ్ళీ వారం తిరక్కుండా కబురు పెట్టేవారు.

సెల్‌ఫోన్లు వచ్చి నా బూత్‌ని మింగేశాయి. రెండువేల రెండులో నేను రెండు కంప్యూటర్లు పెట్టి, బోర్డు మార్చి నెట్ సెంటర్ అని రాయించాను, ఫోన్ గది మాత్రం అలాగే ఉంచాను. ఆ రోజుల్లో ఫోన్ లైను మీదే నెట్. ఒక ఉత్తరం పోవాలంటే ముందు ఆ మోడెం పెట్టె కీచుకీచుమని అరవాలి, తరవాత లైను కలవాలి, కలిశాక కరెంటు ఉండాలి. మూడూ ఒకేసారి కుదిరిన రోజు నేను పండగ చేసుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే సేటు కొడుకు చదువు ముగించుకుని వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. ఫోటో చూడందే సరుకు తీసుకోకూడదని తండ్రికి చెప్పాడు. సేటు ఆ మాట బాబాయికి మొహమాటపడుతూ చెప్పాడు. "మావాడి సరదా. ఒక ఫోటో పంపెయ్యి త్రినాథ్."

బాబాయ్ రిసీవరు పెట్టేసి నా వైపు తిరిగాడు. "నాను సూసినాక మళ్ళీ ఫోటో ఏటమ్మీ?"

"నువ్వు చూశావో లేదో చూడ్డానికి," అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆయన నవ్వలేదు.

మొదటి ఫోటో పెద్దతల్లి ఫ్యాక్టరీలో తీయించాడు. పెద్దతల్లి అన్నది ఆమె పేరే, వజ్రపుకొత్తూరు రోడ్డులో ఆమెది చిన్న ఫ్యాక్టరీ. ఆమె భర్త తిరుమలరావు జీడితోటలు చూసుకుంటే ఫ్యాక్టరీ అంతా ఆమే నడిపేది. చుట్టరికం లేకపోయినా బాబాయిని అన్నయ్యా అని పిలిచేది. ఫోటో తీయడానికి కాశీబుగ్గ నుంచి స్టూడియో చిట్టిబాబు వెళ్ళాడు. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళే పెద్ద డిజిటల్ కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, గొడుగు లైటు, అన్నీ ఆటోలో వేసుకుని మరీ వెళ్ళాడు. పొట్టు తీసే ఆడవాళ్ళందరూ పని ఆపేశారు. ఒకరు వెళ్ళి ముఖం కడుక్కొచ్చారు, ఇంకొకరు ఇంటికెళ్ళి చీర మార్చుకొచ్చారు. జీడిపిక్కలు కాలుస్తున్న మనిషి కూడా బట్టీ వదిలేసి వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. ఆ వాయ మాడిపోయింది.

"అన్నయ్యా, పప్పుకి ఫోటో అన్నావు. ఇదేటి, పెళ్ళికొచ్చినట్టున్నారు," అంది పెద్దతల్లి.

ఫోటో మాత్రం అబ్బ, ఏం వచ్చిందనుకున్నారు! పప్పు మీద సన్నటి గీత కూడా కనబడింది. అయితే ఏం లాభం, అంత పెద్ద ఫోటో నా లైనులోంచి పోవద్దూ? ముప్పాతిక పోయాక తెగేది. మళ్ళీ మొదటికి. ఈలోగా కరెంటు పోయేది. అది కటకం చేరేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. ఇంకోసారి అలాంటిది తెస్తే సెంటరు మూసుకుని పుట్టింటికి పోతానని బాబాయికి తెగేసి చెప్పాను.

అప్పుడు దొరికింది ఆ చిన్న కెమెరా. బాబాయి మేనల్లుడు రాజేంద్ర ఓడలో పనిచేస్తాడు. సెలవుకి వస్తూ సింగపూర్ నుంచి తెచ్చాడు. అగ్గిపెట్టెకి అన్నలా ఉండేది. చొక్కా జేబులో వేస్తే లోపల ఏముందో బయటికి తెలిసేది కాదు. ఇప్పటి కెమెరాల్లా వెనక తెర కూడా లేదు. ఎన్ని ఫోటోలు తీశామో చెప్పే చిన్న అంకె ఉండేది, అంతే. ఏం తీశామో తెలియాలంటే నా దగ్గరికి తెచ్చి తీగ పెట్టి కంప్యూటరులో చూడాల్సిందే.

మొదటి ఫోటోలు తెరిచి చూసి నాకు ఒళ్ళు మండింది. పప్పులన్నీ పొగలోంచి చూసినట్టున్నాయి. గుండేదో, బద్దేదో మనమే అనుకోవాలి.

"బాబాయ్, ఇది పిల్లలు ఆడుకునే బొమ్మ. చిట్టిబాబు కెమెరాకీ దీనికీ పోలికే లేదు."

"పోలిక నేదు. నాకూ కళ్ళున్నాయి. కానీ అమ్మీ, చిట్టిబాబుది పందిరి మంచం లాటిది. ఎక్కడేత్తే అక్కడే. ఇదయితే నాతో వత్తాది. పొద్దున్న మందస, మధ్యాన్నం బారువ, ఎటెల్తే అటు వత్తాది. ఆడోళ్ళు పని ఆపరు, పిక్క మాడదు. నీ లైనులోంచి కూడా గబుక్కున పోతాది. పోదేటి?"

పోతుంది. ఆ మాట నిజం. చిన్న కెమెరా ఫోటో కూడా చిన్నదే. ఒక కప్పు టీ తాగేలోపు కటకం చేరేది.

"మరి పప్పు కనబడదే?"

"కనబడకపోతే ఏటి? నాను సెప్తాను గదా."

అలా తూకం వేసుకున్నాడాయన. ఫోటో ఎలా ఉన్నా తనతోపాటు తిరగాలి, ఫోటోలో ఉన్న లోటు తన మాట పూడుస్తుంది. ఆయన లెక్క తప్పేమీ కాదు. రెండు సీజన్లు నిక్షేపంలా నడిచింది. నేను ఫోటో పంపేదాన్ని. సేటు కొడుకు దాన్ని ఎంతసేపు చూసినా ఏమీ తేలేది కాదు. చివరికి సేటే ఫోన్ చేసేవాడు. "ఫోటో వచ్చింది. దాన్నేం చేసుకోను, నువ్వు చెప్పు." బాబాయ్ చెప్పేవాడు. "అయితే లారీ ఎక్కించు," అనేవాడు సేటు. ఆ ఫోను వచ్చినప్పుడు బాబాయి ముఖం చూడాలి. చొక్కా జేబు మీద ఒకసారి చెయ్యి వేసి, అద్దాల గదిలోంచి దర్జాగా బయటికి వచ్చేవాడు.

రెండువేల అయిదు ఏప్రిల్‌లో కొత్త పంట మొదటి సరుకు పెద్దతల్లి ఫ్యాక్టరీలో తయారైంది. మొదటి సరుకంటే ఆమెకి పూజ ఉంటుంది. పొట్టు తీసి ఏరిన గుండు పప్పు పెద్ద పళ్ళెంలో పోసి, పళ్ళేనికి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పప్పు మీద అక్షింతలు వేస్తుంది. సరిగ్గా ఆ వేళకే బాబాయ్ వెళ్ళాడు. ఆయన నెత్తి మీదా నాలుగు అక్షింతలు వేసింది. ఆయన అలవాటు ప్రకారం డబ్బాల అడుగు నుంచి తీసి చూశాడు, కొరికాడు, తృప్తిపడ్డాడు. జేబులోంచి కెమెరా తీసి పళ్ళేనికి ఫోటో తీసి, ప్రసాదం తిని వచ్చేశాడు.

నా దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. "పంపీ అమ్మీ, కరెంటు పోయేలాగుంది." ఫోటో తెర మీద సగం విచ్చుకుంటూండగానే పంపేశాను. ఆయన ఫోన్ చేసి, "గుండు. తెలుపు. ముక్క ఒక్కటి లేదు. నేను చూశాను," అన్నాడు. ఫోటో చూసి చెబుతామన్నారు అటునుంచి.

మర్నాడు సేటు ఫోన్ చేశాడు. బాబాయ్ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు సేటు గొంతు పెద్దగా లేదు. నేను కాస్త ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"త్రినాథ్, పప్పులో పసుపు ముక్కలు కలిసున్నాయి. మావాడు చూపించాడు. నేనూ చూశాను."

"లేవు. ఒక్క ముక్క లేదు."

"ఫోటోలో ఉన్నాయి." సేటే మళ్ళీ అడిగాడు. "నువ్వు నిజంగా చూశావా?"

"చూశాను," అన్నాడు బాబాయ్. లారీ మాట రాలేదు. మావాడు వద్దంటున్నాడని చెప్పి సేటు పెట్టేశాడు.

ఆయన బయటికి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు ఇస్తే పట్టుకు కూర్చున్నాడు గానీ తాగలేదు. "సరుకు పోతే పోనీ అమ్మీ. కటకం కాకపోతే బరంపురం. నిజంగా సూసేవా అని అడిగాడు నన్ను. ఇన్నాళ్ళకి అడిగాడు." ఆ ముసలి సేటు మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆయన నాకేమీ కాడు, ఆయన ముఖం కూడా నేను చూడలేదు.

అక్కణ్ణుంచి బాబాయ్ తిన్నగా పెద్దతల్లి దగ్గరికి వెళ్ళాడు. డబ్బాలన్నీ తెరిపించి, దుప్పటి పరిపించి, పప్పంతా దాని మీద పోయించాడు. గొంతుక్కూచుని చేత్తో తిరగేశాడు. ఒక్క ముక్క దొరకలేదు. పెద్దతల్లి కాసేపు ఓర్చుకుంది.

"అన్నయ్యా, నా సరుకు మీద నీకే నమ్మకం నేకపోతే ఇంక నానెవరికి సెప్పుకోను? నిన్న నువ్వు సూసే గదా ఎల్లేవు."

"సూసేను. అందుకే మళ్ళీ సూత్తన్నాను," అన్నాడట. ఆమె విసురుగా లోపలికి పోయింది. ఈ సంగతి తరవాత ఆమే నాకు చెప్పింది.

మధ్యాహ్నానికి ముఖం మాడ్చుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ ఫోటో మళ్ళీ తెరవమన్నాడు. తెరిచాను. నిజంగానే తెల్లటి పప్పుల మధ్య అక్కడక్కడ పసుపు చుక్కలున్నాయి. మాడిన పప్పు ముక్కలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. పెద్దది చెయ్యమన్నాడు. చేస్తే ఏముంది, గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఇంకా పెద్దది చెయ్యమన్నాడు. గళ్ళు పెద్దవయ్యాయి తప్ప ఇంకేమీ కాలేదు.

"అక్కడ లేనిదాన్ని నేనెక్కణ్ణుంచి తేను బాబాయ్?" అని విసుక్కున్నాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. కుర్చీ లాక్కుని, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా జరిగాడు. మళ్ళీ దూరంగా జరిగాడు. కళ్ళు చికిలించి ఒక చుక్కనే చూస్తూ కూర్చున్నాడు. నెట్ సెంటరుకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయారు.

"ఇయి ముక్కలు కావు," అన్నాడు. "అచ్చింతలు."

చూస్తే అవే. పళ్ళెం అంచు మీద ఒకటి, పప్పు వంపులో ఒకటి, అంతా అక్షింతలే. నాకు నవ్వు ఆగలేదు. కొత్త సరుకు మీద అక్షింతలు ఉంటాయని మనకి ఒకరు చెప్పాలా? లేకపోతే ఎందుకు లేవని అడుగుతాం గానీ, ఉంటే అవి మన కంటికి కనబడనే కనబడవు. ఆయన ఫోటో తీసేటప్పుడు అవి ఉన్నాయన్న ధ్యాసే లేదు. చిట్టిబాబు కెమెరా అయితే బియ్యపు గింజ బియ్యపు గింజలా కనబడేది. ఈ బుల్లి కెమెరాకి గింజకీ ముక్కకీ తేడా తెలియలేదు.

అప్పుడే కటకానికి ఫోన్ చేశాడు. సేటు విని పెద్దగా నవ్వాడు. "అక్షతలా! అరే, అక్షతలు!" అని కొడుకుని కేకేశాడు. ఆ నవ్వు విని నా గుండె కుదుటపడింది. ఇంక లారీ మాట వస్తుందనుకున్నాను. కొడుకు ఫోన్ అందుకున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అయ్యుండొచ్చండీ. అక్షతలు తీసేసి ఇంకో ఫోటో పంపండి. పెద్ద కెమెరాతో తీయించండి."

బాబాయ్ సేటుకి ఫోన్ ఇమ్మన్నాడు. సేటు అందుకుని, "పంపెయ్యి త్రినాథ్, వాడి తృప్తి కోసం," అన్నాడు.

మళ్ళీ చిట్టిబాబు, మళ్ళీ ఆటో, మళ్ళీ గొడుగు లైటు. మళ్ళీ నా లైను తెగడం, నేను పెట్టెని తిట్టడం. ఫోటో చేరింది, సరుకు కదిలింది. పెద్దతల్లి కోపం తగ్గి నాక్కూడా ఒక పొట్లం పప్పు పంపింది. గొడవ తీరిపోయిందని అందరం అనుకున్నాం. ఆయనకి మాత్రం తీరలేదు. ఆ తరవాత ఎన్నోసార్లు అదే మాట అనేవాడు. "అచ్చింతలని నాను సెప్పినాక కూడా ఫోటో అడిగాడు."

ఆయనకి పట్టుదల వచ్చేసింది. ఫోటో మసగ్గా ఉండబట్టే తన మాట మీద అనుమానం వచ్చిందని, ఫోటో బాగుంటే తన మాటకి అదే సాక్ష్యం చెబుతుందని అనుకున్నాడు. పెద్ద కెమెరా కొనమని చిట్టిబాబు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. కొనలేదు. మోపెడ్ మీద దాన్ని మెళ్ళో వేసుకుని ఊళ్ళు తిరగలేననేవాడు. ఆ బుల్లి దాంతోనే కుస్తీ పట్టాడు. ఎండలో తీస్తే పప్పు వెలిసిపోతోందని అరుగు మీద నీడలో తీసేవాడు. పాత గొడుగు గుడ్డ విప్పి, దాని మీద పప్పు పరిచేవాడు. నలుపు మీద తెలుపు బాగా తేలుతుందని కనిపెట్టాడు. మోచేతులు డబ్బా మీద ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు. తీసే ముందు అక్షింతలేమైనా ఉన్నాయా అని ప్రతి ఫ్యాక్టరీలోనూ అడిగేవాడు. పూజ లేని రోజు కూడా అడిగేవాడు, ఆడవాళ్ళు నవ్వేవారు.

ఫోటోలు కొంచెం మెరుగుపడ్డాయి. కొంచెమే. సేటు ఫోన్ చేసి, "నువ్వేమంటావు?" అనడం మానలేదు. నాకది చాలనిపించేది, ఆయనకి చాలేది కాదు.

రెండువేల ఏడులో మా రోడ్డులోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. కీచు అరుపు పోయింది, లైను తెగడం పోయింది, నా నోరు కూడా కాస్త మెత్తబడిందని మా ఆయన అన్నాడు. ఆ ఏడే రాజేంద్ర ఇంకో కెమెరా తెచ్చాడు. పాత దానికన్నా పలచన. వెనక తెర ఉంది. నా సెంటరులో ట్యూబులైటు కింద నా అరచేతికి ఫోటో తీసి, కంప్యూటరులో పెట్టి చూపించాడు బాబాయ్. చేతి గీతలు, ఉంగరం మీద గీతలు, గోటి పక్క లేచిన తోలు, అన్నీ కనబడ్డాయి. సిగ్గేసింది నాకు.

"సూసేవా అమ్మీ. ఇది జేబులోనూ పట్టింది, అన్నీ కనబడ్డాయి. ఇంకేటి కావాలి మనిషికి?"

ఆయన్ని అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు. మా ఇంట్లో పిల్లలు పుట్టినప్పుడు కూడా జనం అంత సంబరపడలేదు. ఆ వారమంతా ఊళ్ళు తిరిగి ఫోటోలు తీసుకొచ్చాడు. గొడుగు గుడ్డ మీద ఒక్కొక్క పప్పూ విడివిడిగా, వంపుతో సహా. నేను పంపేదాన్ని. కటకం నుంచి జవాబు నెట్‌లోనే వచ్చేది. బాగుంది, పంపండి అని ఒక్క ముక్క. సేటు ఫోన్ చెయ్యలేదు.

మొదట్లో దానికీ గర్వపడ్డాడు. "సూడు, ఫోన్ కూడా అక్కర్నేకపోయింది. అంత బాగుంది ఫోటో." నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది.

అయినా ఫోటో పంపించాక ఇంటికి వెళ్ళేవాడు కాదు. బల్ల మీద కూర్చునేవాడు. పేపరు తిరగేసేవాడు. "ఫోను రాలేదా?" అని అడిగేవాడు.

"జవాబు వచ్చింది కదా బాబాయ్. లారీ ఎక్కించమన్నారు."

"అది సరే. ఫోను రాలేదా?"

రాలేదు. బాబాయే ఒకసారి చేశాడు. సేటు ఒంట్లో బాగోక ఇంటి దగ్గరే ఉంటున్నాడని, గద్దె మీదికి రావడం లేదని కొడుకు చెప్పాడు. బాబాయ్ అలవాటు కొద్దీ, "గుండు పప్పు, తెలుపు, నేను చూశాను," అని మొదలుపెట్టాడు. "ఫోటోలో కనబడుతోందండీ," అన్నాడు కొడుకు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కనబడుతోంది మరి.

"వాసనో?" అన్నాడు బాబాయ్. "వాసన ఫోటోలో రాదు గదా బాబూ."

"బాగోకపోతే తిప్పి పంపేస్తాం లెండి. ఇప్పుడు లారీలు రోజూ ఉన్నాయి."

బాబాయ్ రిసీవరు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అవతల లైను కట్టయిపోయింది. నేను లేచి వెళ్ళి రిసీవరు తీసి పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, కానీ సెంటరు నిండా జనం ఉన్నారు.

పెద్దతల్లి కూతురు ప్రియ టెక్కలిలో డిగ్రీ చదివేది. చదువయ్యాక ఫ్యాక్టరీ పనిలో తల్లికి సాయంగా ఉంది. చురుకైన పిల్ల. బాబాయిని మావయ్యా అని పిలిచేది. ఆయన దగ్గరే ఫోటో తీయడం నేర్చుకుంది. నీడలో పెట్టడం, నల్లగుడ్డ పరవడం, మోచేతులు ఆనించడం, అన్నీ ఆయనే దగ్గరుండి చూపించాడు. అడిగినవాళ్ళకి కాదనే మనిషి కాదు. ఆమె చేత కూడా అలాంటి కెమెరానే కొనిపించాడు, విశాఖపట్నంలో దొరుకుతున్నాయని తనే చెప్పి.

రెండువేల తొమ్మిది సీజన్‌లో ఒక రోజు ప్రియ నా సెంటరుకి వచ్చింది. బాబాయ్ ఎప్పటిలా బల్ల మీద పేపరు చదువుతున్నాడు. ఆ పిల్ల ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తరవాత లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"మావయ్యా, కటకం నుంచి అమ్మకి ఫోన్ వచ్చింది. ఫోటోలు ఇంక మమ్మల్నే పంపేయమన్నారు. నీకు ముందు సెప్పి పంపమంది అమ్మ."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పంపండి. మంచిదే గదా. నానెల్లి తీసినా అదే, నువ్వు తీసినా అదే."

"నీకు కోపం నేదు గదా?"

"కోపమేటి?"

ఆ పిల్ల తేలికపడింది. కెమెరా నా చేతికి ఇచ్చింది. నాకు తీసుకోబుద్ధి కాలేదు, అయినా తీసుకున్నాను. తీగ పెట్టి ఫోటో తెరిచాను. "మావయ్యా, పంపే ముందు నువ్వొకపాలి సూడు. బాగొచ్చిందో నేదో సెప్పు," అంది ప్రియ.

ఆయన కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చున్నాడు. నల్లటి గుడ్డ మీద తెల్లటి గుండు పప్పు. ఒక్కొక్కటీ విడిగా, అంచులు తేలి, వంపులో నీడతో సహా ఉంది. పెద్దది చెయ్యమన్నాడు. చేశాను. గళ్ళు పడలేదు. ఇంకా పెద్దది చెయ్యమన్నాడు. చేశాను. ఒక్క పప్పే తెరంతా నిండిపోయింది, దాని మీద గీత కూడా చెక్కుచెదరలేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా మొత్తం జరిపించుకుని చూశాడు. ఏదో ఒక లోటు దొరకాలని నేను లోపల మొక్కుకుంటున్నాను. దొరకలేదు.

"బాగుంది తల్లీ," అన్నాడు ప్రియతో. "ఇందులో నాను సెప్పాల్సిందేటీ నేదు."

తరవాత నా వైపు తిరిగి, "పంపీ అమ్మీ," అన్నాడు. నేను మీట నొక్కాను. అది అప్పటికప్పుడే వెళ్ళిపోయింది.